బొమ్మల కొలువులో బొబ్బిలి కోట

సంక్రాంతి సమీపించినదనగానే మన యిండ్లలో అటకమీది పెట్టెలు క్రిందికి దిగును. పాతచీరల ముక్కలలో చుట్టియుంచిన బొమ్మలు ఒక్కొక్కటిగా వెలుపలికి వచ్చును. మెట్లు కట్టి, తెల్లని దుప్పటి పఱచి, దేవతామూర్తులను పైమెట్టునను, రాజులను, పెండ్లివారిని, తలయాడించు తాతను అవ్వను క్రిందిమెట్లపైనను నిలుపుదుము. ఆ మెట్లకు దిగువ నేలమీద నున్నదంతయు పిల్లల రాజ్యము. అచ్చట ఇసుకతో ఊరు వెలయును. అద్దపుముక్క చెరువగును. వారము దినములు ముందుగా మూకుళ్లలో చల్లిన ఆవాలు మొలచి పచ్చని పొలములగును. మట్టిముద్దలు కొండలై వానిపై గుడులు లేచును.

మన తల్లులును అమ్మమ్మలును పేరు పెట్టకయే నేర్పిన యీ విద్య నేడు పెక్కు దేశములలో పెద్దల వ్యాసంగమై యున్నది. వారు బల్లమీద కొండలు, కోటలు, అడవులు నిర్మింతురు. బొటనవ్రేలంత బొమ్మలకు సన్నని కుంచెతో రంగులు వేయుదురు. ఆ బొమ్మలను ఇరుపక్షముల సేనలుగా నిలిపి, పాచికలు వేయుచు యుద్ధమాడుదురు. గత సంక్రాంతికి మా కొలువులో పిల్లలు బొబ్బిలి కోటను కట్టి అట్టి యాటనే యాడిరి. ఆ కోట కట్టుటలో మేము నేర్చిన పనితనమును, అది మా యింట లేవదీసిన యొక ప్రశ్నను సోదరీమణులకు తెలుపుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాను.

బొమ్మయుద్ధముల పుట్టుక

యుద్ధమును ఆటగా మార్చుట మనకు క్రొత్తగాదు. చదరంగమునకు మూలమైన చతురంగము పేరే రథ గజ తురగ పదాతులను నాలుగంగముల సేనను చెప్పుచున్నది. మన అరుగులమీద గీయు పులిజూదమున మూడు పులులొకవైపు, పదునైదు మేకలొకవైపు. బలములు సమానములు గావు గాని గెలుపు ఎవరిదైనను కావచ్చును. ఈ సంగతి మాకు కోటయాటలో మిక్కిలి యుపయోగపడినది.

ఐరోపాలో ప్రష్యా దేశపు సైనికోద్యోగి రైస్విట్జ్ 1824లో ఒక యుద్ధక్రీడను ప్రకటించెను. పటముమీద చిన్న దిమ్మెలను కదల్చుచు, పాచికలతో జయాపజయములను నిర్ణయించు ఆట అది. సేనానాయకులు దానిని వినోదముగా గాక శిక్షణగా నేర్చిరి. దీనిని ఇంటి లోపలికి తెచ్చి ప్రసిద్ధిగాంచిన వాడు ఇంగ్లీషు రచయిత హెచ్. జి. వెల్స్. ఆయన 1913లో ‘లిటిల్ వార్స్’ అను చిన్న పుస్తకము ప్రకటించెను. సీసపు సిపాయిలును, కొయ్యగుండ్లను విసరు బొమ్మఫిరంగులును అందలి పరికరములు. ఈ యాట ముఖ్యముగా మగపిల్లలకని శీర్షికలోనే చెప్పుచు, మగపిల్లల ఆటలయందు ప్రీతిగల తెలివైన ఆడపిల్లలకు గూడ ఆయన కొంచెము చోటిచ్చెను! అయినను ఒక మంచిమాట చెప్పి పుస్తకము ముగించెను. బొమ్మయుద్ధమును నాలుగుసార్లు ఆడిన వానికి నిజమైన యుద్ధము ఎంతటి తెలివిమాలిన పనియో బోధపడునని దాని సారాంశము. మఱుసటి సంవత్సరముననే, అనగా 1914లో, మొదటి ప్రపంచ సంగ్రామము ఆరంభమైనది.

తరువాతి కాలమున ఈ యాటలు చరిత్రను విడిచి కల్పనలోకములకును వ్యాపించినవి. అమెరికాలో 1974లో ‘డంజెన్స్ అండ్ డ్రాగన్స్’, ఇంగ్లాండులో 1983లో ‘వార్‌హామర్’ వెలువడినవి. రాక్షసులు, మాంత్రికులు, మరుగుజ్జు వీరులు బల్లలమీదికి ఎక్కిరి. మనకు అట్టివారిని వెదకుకొన నక్కఱలేదు. కొలువు మెట్లపై రావణుడును, కుంభకర్ణుడును, నరసింహస్వామియు ఎప్పటినుండియో కొలువుదీరియే యున్నారు.

ఏల బొబ్బిలి?

మా యిల్లు బొబ్బిలికి దగ్గఱ. మా కోడలి పుట్టినిల్లు విజయనగరము. పండుగకు ఆమె అన్నకొడుకు మా యింటికి వచ్చియుండెను. మా మనుమడును అతడును వియ్యపు వేళాకోళమునకు దిగి, బొబ్బిలి గొప్పయా, విజయనగరము గొప్పయాయని వాదించుకొనుచుండగా, కోడలు నవ్వి, “నోటితో ఏల? కొలువులో కోట కట్టి తేల్చుకొనుడు” అన్నది. తొమ్మిదేండ్ల మనుమరాలు అప్పుడే మట్టి తెచ్చుటకు పరుగెత్తినది.

కథ మన ప్రాంతమున ఎఱుగని వారుండరు. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజును బొబ్బిలి కోటను ముట్టడించిరి. ఇరుగుపొరుగు సంస్థానముల పాతపగకు పరాయివారి ఫిరంగులు తోడైనవి. బొబ్బిలి ప్రభువు రంగారావు లొంగక పోరాడెను. తెల్లవాఱినది మొదలు సాయంకాలము వఱకు పోరు సాగినది. కోట నిలువదని తోచినప్పుడు లోపలి పురుషులు తమ స్త్రీలను, బిడ్డలను తామే చంపి, ఇండ్లకు నిప్పుపెట్టి, తాము పోరాడి మరణించిరి. రంగారావు కుమారుడైన పసివానిని మాత్రము ఒక వృద్ధుడు వెలుపలికి తెచ్చి ఫ్రెంచివారికి అప్పగించెనని ఇంగ్లీషు చరిత్రకారుడు ఓర్మ్ వ్రాసినాడు. కొన్నిరాత్రులకే బొబ్బిలి వీరులు విజయరామరాజు గుడారము చొచ్చి ఆయనను పొడిచి చంపిరి. ఆ పని రాజాము నుండి వచ్చిన తాండ్ర పాపారాయుడు చేసెనని తెలుగువారి కథ. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయచరిత్రము’ మొదలు జంగము కథలు, బుఱ్ఱకథలు, నాటకములు, 1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’ చలనచిత్రము వఱకు ఈ కథ మనవారి నోట నిలిచియే యున్నది.

ఈ యుద్ధమున లాభపడిన వారెవరు? బొబ్బిలి కాలిపోయెను. విజయనగరము తన ప్రభువును పోగొట్టుకొనెను. 1758 డిసెంబరులో చందుర్తివద్ద ఇంగ్లీషువారు ఫ్రెంచివారిని ఓడించిరి. అప్పుడు ఇంగ్లీషువారి పక్షమున నిలిచినది విజయనగరమే. ఆ ఇంగ్లీషువారితోనే 1794 జూలై 10వ తేదీన పద్మనాభమువద్ద పోరాడి విజయనగర ప్రభువైన మఱియొక విజయరామరాజు నేలకొరిగెను. పిల్లలకు ఈ వరుసను చెప్పినప్పుడు వారి వాదము కొంత చల్లారినది.

కోట కట్టు విధము

మొట్టమొదట కొలత నిర్ణయించుకొనవలెను. మా బొమ్మలు రెండంగుళముల యెత్తు. మనుష్యుడు అయిదున్నర అడుగులనుకొన్నచో బొమ్మ అందులో ముప్పదిమూడవ వంతు. ఈ లెక్కను పదునైదడుగుల గోడ అయిదున్నర అంగుళములు, ఆఱడుగుల ద్వారము రెండంగుళములకు కొంచెము మించి యుండవలెను. ఇట్లు చేసినచో బొమ్మ కోటలో ఇమిడినట్లు కనబడును. లేనిచో మనుష్యులు గోడలపైనుండి తొంగిచూచు రాక్షసులవలె నుందురు. అయితే ఆవరణకు ఈ లెక్క పనికిరాదు. కోట నిజమైన విస్తీర్ణమును అదే కొలతకు తగ్గించినను అది మన పెద్దగదిని మ్రింగివేయును. కావున గోడ యెత్తునకు ఒక కొలత, నేలకు వేఱొక కొలత పాటింతురు. ఒక బొమ్మను ఇరువదిమంది భటులకు గుర్తుగా నెంచుదురు. మా కోట ప్రక్కకు పదునెనిమిది అంగుళములు. అడుగున మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవుగల పలుచని చెక్క వేసితిమి.

బొబ్బిలి కోట మట్టికోట, మూలలయందు బురుజులు గలది. ఇట్టిది కట్టుట పిల్లలకు సులభము. ఇంటికి వచ్చిన యంత్రసామగ్రి పెట్టెలలోని థర్మోకోల్ పలకలను గోడలుగా కోసితిమి. బురుజులకు ఖాళీ పాలపిండి డబ్బాలు చాలును. కోయుపని పెద్దలు చేయవలెను. వీనిపై వార్తాపత్రిక ముక్కలను మైదాగంజితో రెండుమూడు పొరలు అంటించి, ఆఱిన పిమ్మట మట్టిపూత పూయవలెను. గంజిలో పురుగు పట్టకుండ మైలుతుత్తము కలుపుట పాత యలవాటు. అది విషము కాబట్టి పిల్లలు చేయిపెట్టు పనిలో వలదు.

మట్టిపూతకు ఎఱ్ఱమట్టిని సన్నని జల్లెడపట్టి, అందు రంపపుపొడియు, త్రుంచిన కొబ్బరిపీచును, ఫెవికాల్ వంటి జిగురును కలుపవలెను. వట్టి మట్టి ఆఱునప్పుడు కుదించుకొని బీటలువారి ఊడిపోవును. పీచు దానిని పట్టియుంచును. పూత పలుచగా వేసి, బాగుగ ఆఱనిచ్చి, మఱల వేయవలెను. తొందరపడి మందముగా పూసితిమేని లోపల తడి నిలిచి బూజు పట్టును. సన్నని బీటలు కొన్ని మిగిలినను పూడ్చవలదు. మట్టిగోడకు అవియే యందము. చిమ్ముడు డబ్బాల రంగు థర్మోకోల్‌ను కరగించును. దానిని కాగితము కప్పని చోట ఎన్నడును వాడరాదు.

కోటచుట్టును అడవి గావలెను. ఎండిన వేపకొమ్మల చివళ్లను మట్టిలో గ్రుచ్చి, పచ్చరంగు కలిపి ఆఱబెట్టిన రంపపుపొడిని జిగురుతో వానికి అద్దితిమి. చీపురుపుల్లల కొనలకు విసనకఱ్ఱలవలె కత్తిరించిన కాగితములు అంటించి తాటిచెట్లు చేసితిమి. తాటిచెట్లు లేని ఉత్తరాంధ్ర నేల మన నేలవలె కనబడదు గదా! మనుమరాలు తన మూకుళ్లలోని ఆవమొలకలను తెచ్చి కోటముందు పొలముగా నిలిపినది. యుద్ధము వచ్చినను పైరు పైరే.

బొమ్మలును రంగులును

భటుల బొమ్మలకు అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక పనితనము మాకు మార్గము చూపినది. అచ్చటివారు అంకుడు కఱ్ఱను యంత్రముపై త్రిప్పుచు నున్నగా చెక్కుదురు. తిరుగుచున్న కొయ్యకు రంగు కలిపిన లక్కను ఒత్తగా, రాపిడి వేడికి లక్క కరగి పట్టుకొనును. తల, నడుము తప్ప వేఱు అంగములు లేని ఆ గుండ్రని బొమ్మలవంటివే ఆటకు అనువైనవి. విఱుగుటకు చేతులుండవు. పిల్లలు వానిని మట్టితోను, పాత కొయ్యగుబ్బలతోను చేసిరి. చేతులు, కత్తులు కావలెనన్నచో కొండపల్లివారి పద్ధతి కలదు. వారు తేలికయైన తెల్లపొణికి కఱ్ఱతో అంగములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొడిని కలిపిన ముద్దతో అతుకుదురు. ఆ మీద సుద్ద పూసి రంగులు దిద్దుదురు.

రంగువేయుటలో క్రమము ముఖ్యము. మొదట బొమ్మను శుభ్రముగా తుడిచి తెల్లని పూత పూయవలెను. పిమ్మట దానిని సీసా మూతపై జిగురుతో నిలిపినచో చేతితో బొమ్మను తాకకుండ మూతను పట్టుకొని త్రిప్పవచ్చును. అడుగుపొరల రంగులు, అనగా ముఖము, చర్మము, ముందు వేసి, వస్త్రములు, తలపాగా, నడికట్టు తరువాత వేయవలెను. రంగు పలుచగా రెండుపూతలైనను మంచిదే. చిక్కగా ఒకపూత బొమ్మ ముక్కును మూసివేయును. ఆఱిన తరువాత గోధుమరంగును నీళ్లవలె పలుచన చేసి పైన ఒలికించినట్లు పూసినచో అది మడతలలోనికి దిగి నీడలగును. చివరకు కుంచెను లేతరంగులో ముంచి, గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగానున్న కుంచెతో ఎత్తుభాగములను నిమిరినచో వెలుగు పడినట్లుండును. కన్నులు వేయుటకు ప్రయాసపడవలదు. కనుబొమల క్రింద ఒక నల్లని గీత చాలును.

విజయనగరము వారికి పసుపు తలపాగాలు, బొబ్బిలివారికి ఎఱ్ఱనివి మేమే నిర్ణయించుకొంటిమి. ఫ్రెంచివారికి ఆ కాలపు మూడుమూలల టోపీలు నల్లకాగితముతో చేసితిమి. ఒక హెచ్చరిక. పూర్వపు సీసపు సిపాయిబొమ్మలు ఇంట నున్నచో వానిని పిల్లల చేతికి ఈయరాదు. సీసము దేహమునకు విషము. కుంచెను నోట తడిపి కొనదీయు అలవాటు ఏ రంగుకైనను కూడదు. మ్రింగదగినంత చిన్న బొమ్మలను పసివారికి అందనీయరాదు.

ఆట నియమములు

పాచికలకు బదులు ఆఱు గవ్వలు తీసికొంటిమి. ఆఱింటిలో ఇంచుమించు మూడు వెల్లకిల పడుట తఱచు. ఆఱును వెల్లకిల పడుట అరుదు. కావున సాధారణమైన పనికి మూడును, అసాధ్యమనిపించు సాహసమునకు ఆఱును పడవలెనని నియమించితిమి. కాలిబంటు ఒక వంతునకు నాలుగంగుళములు, గుఱ్ఱము ఎనిమిదంగుళములు నడచును. దూరము దారముతో కొలువవలెను. పోరు ప్రాతఃకాలము మొదలు సాయంకాలము వఱకు జరిగినది గావున గంటకొక్కటిగా పండ్రెండు వంతులు. పండ్రెండవ వంతు ముగియువఱకు కోట నిలిచినచో కోటవారిది గెలుపు. పులిజూదమువలె ఒకవైపు కొలదిమంది, మఱియొకవైపు పెక్కుమంది. ఒక ఆట ముగిసిన వెంటనే పక్షములు మార్చుకొనవలెనని మా కోడలు పట్టుపట్టినది. బొబ్బిలి బాలుడు విజయనగరము పక్షమునను, విజయనగరము బాలుడు బొబ్బిలి పక్షమునను ఆడితీరవలెను.

కోటలో లేనివారు

అంతయు సిద్ధమైనది. బురుజులపై భటులు నిలిచిరి. గుడారములు వెలసినవి. అప్పుడు మనుమరాలు కోటలోనికి వంగి చూచి, “మామ్మా, ఈ కోటలో ఆడవాండ్రేరీ?” అని అడిగినది.

“వారు యుద్ధము చేయరు గదా” అని ఆమె అన్న సమాధానము చెప్పెను.

“చేయనివారు చచ్చిపోయిరని మామ్మ చెప్పినది. ఉండనివారు ఎట్లు చచ్చిపోవుదురు?”

నాకు మాట తోచలేదు. ఆ కథను నేను చిన్ననాటినుండి విన్నాను, పెక్కుమార్లు చెప్పినాను. మల్లమ్మదేవి పేరు చెప్పునప్పుడెల్ల గొంతు గద్గదమై, ఆ మరణమును మానమనియు, కీర్తియనియు పొగడినాను. వారికి ఆ దినమున ఏమి కావలసియుండెనో ఒక్కమారైనను ఆలోచింపలేదు.

మనుమరాలును తల్లియు ఆ రాత్రి కూర్చుండి పండ్రెండు బొమ్మలు చేసిరి. ఎనమండుగురు స్త్రీలు, నలుగురు పిల్లలు. ఒక్కొక్క చీరకు ఒక్కొక్క రంగు, అంచునకు వేఱొక రంగు. బొబ్బిలి ప్రక్కనున్న గొల్లపల్లివారు పనసకఱ్ఱతో వీణలు చేయుట ప్రసిద్ధము గదా! దానిని తలచి ఒకతె ఒడిలో పుల్లతో చేసిన వీణ నుంచిరి. కోడలు మఱియొక మాట అన్నది: “అత్తయ్యగారూ, విజయనగరము కోటలోను ఎదురుచూచు ఆడవారుండిరి గదా. రాజుగారు తిరిగి పోలేదు.” బల్ల యంచున అట్టతో మఱియొక చిన్నకోట, దాని వాకిట ఒక స్త్రీ నిలిచినది.

మొదటి ఆటలో మనుమడు బొబ్బిలి పక్షము. పదునొకండవ వంతున తూర్పు బురుజు పడినది. కథలో నున్నట్లు చేయవలెనని అతడు చేయి మహలువైపు చాపెను. చాపిన చేయి అచ్చటనే ఆగినది. ఎట్టయెదుట చెల్లెలు తాను రాత్రి యంతయు రంగువేసిన బొమ్మలవంక చూచుచున్నది. కథలో ఒక్క వాక్యముతో ముగిసిపోవు పని చేతితో చేయవలసివచ్చుసరికి వానికి సాధ్యము గాలేదు. “బావా, వీరిని ఏమి చేయుదుము?” అని విజయనగరపు బాలునే అడిగెను.

అందుపై పిల్లలే క్రొత్త నియమము చేసికొనిరి. తెల్లవాఱకముందు ఒక రాత్రివంతు ఉండవలెను. కోటవారు స్త్రీలను, పిల్లలను రాజాము బాట పట్టింపవచ్చును. అయితే వారివెంట పంపిన ప్రతిభటుడును గోడమీద ఒకడు తక్కువ. ముట్టడించువారు బాట విడుతురో, అడ్డుదురో ముందుగా కాగితముపై వ్రాసి మడిచి యుంచవలెను.

రెండవ ఆటలో విజయనగరపు బాలుడు బొబ్బిలి కోటను కాచెను. ఆఱుగురు భటులను తోడిచ్చి పండ్రెండుగురిని పంపివేసెను. మా మనుమడు మడిచిన కాగితమును విప్పి చూపెను. అందు “బాట విడిచితిమి” అని యున్నది. గోడలపై భటులు తక్కువగుటచే కోట ఎనిమిదవ వంతుననే పడినది. “మేము గెలిచితిమి” అని ముట్టడించినవాడు కేకవేసెను. మనుమరాలు రాజాము బాటమీద నిలిచిన బొమ్మలను లెక్కించి, “పండ్రెండుగురును ఉన్నారు. మేము గెలిచితిమి” అన్నది. మగపిల్లలిద్దఱును ఆమెతో వాదింపలేదు.

బల్లమీది ఆటవలన చరిత్ర మాఱదు. పాతబొబ్బిలిలో కాలిపోయిన ఇండ్లు తిరిగి లేవవు. కాని విన్న కథను పిల్లలు విన్నట్లే అప్పగింతురు. చేతితో కట్టిన కథను మాత్రము ప్రశ్నింతురు. ఒక గంటసేపు కూర్చుండి ముఖము, చీర, అంచు దిద్దిన బొమ్మను పడవేయవలసినప్పుడు ఎంతటి యుద్ధప్రియుని చేయియైనను తటపటాయించును. ఆ తటపటాయింపు పెద్దవారిలో గూడ నిలిచియుండిన బాగుండును. మగపిల్లలు యుద్ధపుటాట లాడుచున్నారని విసుగుకొను తల్లులు ఆట మాన్పనక్కఱలేదు. కోటలో ఇండ్లు కట్టించి, ఇండ్లలో మనుష్యులను నిలిపించినచో చాలును.

ముక్కనుమనాడు కొలువునకు హారతి యిచ్చితిమి. కొలువు ఎత్తుటకు ముందు ఒక బొమ్మను పరుండబెట్టుట ఆచారము గదా. ఎల్లప్పుడును తాతబొమ్మను పరుండబెట్టు మనుమరాలు ఈసారి వీణ పట్టిన స్త్రీబొమ్మను తీసి, కోటలో ఆమె మహలునందే మెత్తని దూదిపై పరుండబెట్టి, పాతచీర ముక్క కప్పినది. “ఈమె నిద్రపోవుచున్నది, మామ్మా. వచ్చే సంక్రాంతికి లేచును” అన్నది.